ఉత్తమ పురుషకు లింగం లేదు

కిందటి నెల మా ఊరి సాహితీమిత్రుల సమావేశం ముగిసి అందరం కాఫీలు తాగుతున్న వేళ, ఈ మధ్య నేను వరుసగా చూస్తున్న కొన్ని పొట్టి చిత్రాల ప్రస్తావన తెచ్చాను. స్వలింగ ప్రేమికులు, హిజ్రాలు, ట్రాన్స్ స్త్రీలు, ట్రాన్స్ పురుషులు తమ బ్రతుకును తామే చెప్పుకొన్న చిత్రాలవి. నా మాట పూర్తికాకముందే, నలభై ఏళ్ళుగా నాకు ఆప్తుడూ, అలంకారశాస్త్రంలో నాకన్న గట్టివాడూ అయిన ఒక మిత్రుడు కప్పు కింద పెట్టి, "అవి వాంగ్మూలాలు మాస్టారూ, కళ కాదు. ఎవరి గోడు వారు వెళ్ళబోసుకుంటే కావ్యమౌతుందా?" అన్నారు. పక్కనున్న మరొకరు "అంతా పడమటి గాలి" అని అందుకున్నారు. మూడో ఆయన ఏమీ అనలేదు, నవ్వారు. ఆ నవ్వు సంగతి చివర చెబుతాను.

ఆ పూట నేను జవాబు చెప్పలేకపోయాను. నాకు ఎదుటివారి ముందు మాట తోచదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పేటప్పుడు తోస్తుంది. అందుకే ఈ టపా. మిత్రులు నొచ్చుకోరన్న నమ్మకంతోను, నొచ్చుకొన్నా సరేనన్న తెగింపుతోను రాస్తున్నాను.

ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పిన పాఠం గనుక వ్యాకరణం దగ్గరే మొదలుపెడతాను. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణం చదువుకొన్నవారికి మహత్తు, మహతి, అమహత్తు అన్న విభజన తెలుసు. పురుషులు మహత్తులు. స్త్రీల విషయంలో ఏకవచన క్రియ దగ్గరికి వచ్చేసరికి రాయికీ పశువుకూ వేసిన పీటే వారికీ వేశాం. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. బహువచనంలో మాత్రం "వారు వచ్చారు" అని మనుషుల పంక్తిలో కూర్చోబెడతాం. ఇదంతా ప్రథమ పురుష వ్యవహారం. అంటే మాటలో పాలు లేని మనిషిని గురించి ఇతరులు చెప్పుకొనే వ్యవహారం. ఉత్తమ పురుషకు వస్తే "నేను వచ్చాను". అన్నది ఆడో మగో ఆ క్రియ చెప్పదు. హిందీలో అలా కాదు. "మైఁ ఆయా" అనాలో "మైఁ ఆయీ" అనాలో తేల్చుకోనిదే వాక్యం ముగియదు. తెలుగులో "నేను" అన్న మనిషిని, నీవు ఎవరవని భాష నిలదీయదు. నిలదీసేది మనం, వాడు అనాలా, అది అనాలా అని.

నా వాదం ఇక్కడే ఉంది. ఈ మనుషుల కథలు మనకు కొత్త కావు. వేల ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాం. కాని అన్నీ ప్రథమ పురుషలో చెప్పాం. పురాణం, చట్టం, సినిమా హాస్యం, పత్రికల నేరవార్త, వీధి అరుగు మీది పుకారు, అన్నింటా చెప్పేవారు ఒకరు, చెప్పబడేవారు ఒకరు. ఇప్పుడు చెప్పబడినవారు కెమెరా తీసుకొని "నేను" అన్నారు. నా మిత్రుడికి వాంగ్మూలంగా వినిపించినది ఆ "నేను". ఆయన అభ్యంతరం కళ మీద అని ఆయన అనుకుంటున్నారు. నాకు మాత్రం అది పురుష మారడం మీది అభ్యంతరంలా తోస్తున్నది.

ప్రథమ పురుషలో రాస్తే ఏమౌతుందో చట్టంలో చూడండి. 1329 ఫసలీలో, అంటే 1919లో, నిజాం రాజ్యంలో ఒక చట్టం చేశారు. తరువాతి కాలంలో దానికి తెలంగాణ యూనక్స్ యాక్టు అన్న పేరు నిలిచింది. దాని ప్రకారం ఈ మనుషుల పేర్లతో ఒక రిజిస్టరు ఉండాలి. అందులో పేరున్నవారు స్త్రీవేషంతో వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. సరిగ్గా ఆ దశాబ్దాల్లోనే కోస్తా నాటకరంగం మీద స్థానం నరసింహారావుగారు సత్యభామగా నడిచి వస్తుంటే జనం చప్పట్లతో పందిళ్ళు అదరగొట్టారు. 1956లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చాం. కూచిపూడి వేదాంతం సత్యనారాయణశర్మగారికీ ఇచ్చాం. రంగస్థలం మీద వేసిన చీరకు సన్మానం, వీధిలో కట్టిన చీరకు సంకెళ్ళు. ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది 2023 జులైలో. అంటే నూట నాలుగేళ్ళకు. ఆ వ్యాజ్యంలో మొదటి పేరు వైజయంతి వసంత మొగిలిది. తానూ ట్రాన్స్ స్త్రీ. "మా మీద ఉన్న చట్టం" అని చెప్పగలిగిన మనిషి కోర్టుకు వెళ్ళేదాకా, న్యాయం చదువుకొన్న మనవాళ్ళు ఇంతమంది ఉండి, దాని ఊసు ఎందరు ఎత్తారు?

ఇక పుకారు. 2018 మే నెలలో, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని వాట్సాపులో వచ్చిన కబురు నమ్మి, హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక గుంపు కొందరు ట్రాన్స్ స్త్రీల మీద పడింది. ఒకరు చనిపోయారు. అదే హైదరాబాదులో అంతకు ముందటి ఏడాది, 2017లో, రచన ముద్రబోయినగారూ మరికొందరూ కలిసి ట్రాన్స్‌విజన్ అని యూట్యూబులో ఒక చానెల్ పెట్టారు. దర్శకుడు మోజెస్ తులసి. తెలుగు, ఉర్దూ, కన్నడ భాషల్లో, తమను గురించి లోకం అనుకొనే అపోహల్ని ఒక్కొక్కటే తీసుకొని, ట్రాన్స్ స్త్రీలే ఎదురుగా కూర్చొని జవాబు చెప్పిన చిన్న చిన్న చిత్రాలు. మా సాహితీమిత్రుల్లో ఎందరు చూశారని అడిగితే నాతో కలిపి సున్న. నేనూ వాటిని చూసింది ఈ మధ్యనే. పుకారు చేరినంత వేగంగా ఆ జవాబు చేరలేదు. కళ అవునా కాదా అని కాఫీలు తాగుతూ తేల్చవలసిన వస్తువు కాదది.

పడమటి గాలి అన్నవారికి రెండు ముక్కలు చాలు. సాధారణంగా ఈ మాటకు బృహన్నలనూ శిఖండినీ మోహినినీ ఎదురు చూపిస్తారు. నేనూ ఒకప్పుడు అదే చేశాను. ఇప్పుడు చేయను. బృహన్నల కథ ఒక శాపం కథ, పైగా గడువున్న శాపం. ఏడాది కాగానే అర్జునుడు గాండీవం అందుకొంటాడు, మనం ఊపిరి పీల్చుకొంటాం. 1963 నాటి నర్తనశాలలో రామారావుగారిని ఆ వేషంలో చూసి మనం ఆనందించగలిగింది కూడా, లోపల ఉన్నది అర్జునుడని తెలిసినందువల్లే. ఏడాది గడువు లేని మనిషి గురించి పురాణం మౌనం. అందుచేత మన సంప్రదాయంలో వీరికి చోటుందని గొప్పలు పోవడం నాకు తప్పించుకొనే మార్గంగా కనిపిస్తుంది. చోటు ఉన్నది వేషానికి.

సరే, చిత్రాల్లోకి వస్తాను. 1999లో నిశిత్ సరన్ అనే యువకుడు తీసిన "సమ్మర్ ఇన్ మై వెయిన్స్" ముప్పావు గంటకు మించని చిత్రం. హార్వర్డులో చదువు ముగిసింది. పట్టా పుచ్చుకొనే సందర్భానికి ఇండియానుంచి తల్లీ బంధువులూ వచ్చారు. తాను పురుషుల్ని ప్రేమించేవాడినని తల్లికి చెప్పాలి. చెప్పలేక చెప్పలేక, కెమెరా నడుస్తుండగానే చెప్పాడు. ఇందులో నటన లేదు, రెండో టేకు లేదు. ఆ క్షణంలో తల్లి ముఖం ఎలా ఉందన్నదే చిత్రం. నేను ఆ చోట ఆపి, లేచి మంచినీళ్ళు తాగి వచ్చి మళ్ళీ పెట్టాను. ఆ తల్లి బిడ్డను వదులుకోలేదు. 2002లో నిశిత్ రోడ్డు ప్రమాదంలో పోయాడు. కథ అక్కడితో ముగిసిందా? 377వ సెక్షను మీద 2009లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పుపై సుప్రీంకోర్టులో అప్పీళ్ళు నడిచినప్పుడు, ఇటువంటి పిల్లల తల్లిదండ్రుల తరఫున మొదటి పేరుగా నిలబడినది ఆమె. 2013 డిసెంబరులో ఓడిపోయారు. 2018 సెప్టెంబరు 6న ఆ సెక్షను పట్టు సడలింది. వాంగ్మూలం అన్నారే మా మిత్రుడు, అవును, వాంగ్మూలమే. కొన్ని వాంగ్మూలాలు విన్నవారిని సాక్షులుగా నిలబెడతాయి.

ఇంకొకటి అమెరికాలోని మిల్వాకీ నగరానిది. శాడీ బెన్నింగ్ అనే కళాకారులకు పదిహేనేళ్ళ వయసులో తండ్రి ఒక ఆటబొమ్మ కెమెరా ఇచ్చారు. ఫిషర్ ప్రైస్ కంపెనీ పిల్లలకోసం చేసిన పిక్సెల్‌విజన్ అది. బొమ్మను మామూలు పాటల క్యాసెట్టు మీద ఎక్కిస్తుంది. నలుపు తెలుపుల్లో, బూడిద జల్లినట్టు కనబడుతుంది దృశ్యం. బెన్నింగ్ తమ పడకగదిలో కూర్చొని, ఆ కెమెరాను ముఖానికి ఆనించినంత దగ్గరగా పెట్టి, కన్ను, పెదవి, చేతి రాత చూపిస్తూ తమ ప్రేమలను గురించి చెప్పారు. 1989నుంచి వచ్చిన ఆ చిత్రాలు కొన్ని నాలుగైదు నిమిషాలవి. మ్యూజియంలు వాటిని పిలిచి మరీ చూపించాయి. ఒక్క మనవి: ఈ పేరా అంతటా నేను గౌరవ బహువచనం వాడాను. బెన్నింగ్ ఆడా మగా అన్న ప్రశ్న మీకు వచ్చిందా? వచ్చినా వాక్యం ఎక్కడైనా తడబడిందా? మన భాషలో "వారు" అన్న మాట ఎప్పటినుంచో ఉంది. పెద్దలకు, ఉద్యోగులకు, అల్లుళ్ళకు ఖర్చుపెట్టే ఆ మాటను వీరి దగ్గరకు వచ్చేసరికి పొదుపు చేస్తాం.

దక్షిణాదికి వస్తే, 2012లో జీ ఇమాన్ సెమ్మలర్ తీసిన "కల్వెట్టుకళ్" ట్రాన్స్ పురుషుల జీవితాలను గురించినది; దర్శకుడూ ట్రాన్స్ పురుషుడే. కల్వెట్టు అంటే తమిళంలో రాతి శాసనం. మన సన్నెకల్లులోని కల్లే అందులోని కల్. శాసనాలు ఇన్నాళ్ళూ రాజులు వేయించుకొన్నవి. రైల్లో చప్పట్లు కొట్టి చేయి చాచేవారు తప్ప వేరే ట్రాన్స్ మనుషులే లోకంలో లేరని నమ్మే నావంటివారు, ఆడపిల్లగా పుట్టి మగవాడిగా బ్రతుకుతున్న మనిషి ఎదుటకొచ్చి మాట్లాడితే ముందు నివ్వెరపోతారు. నేను నివ్వెరపోయాను. ఆ తరువాత సిగ్గుపడ్డాను, ఇన్నేళ్ళ వయసొచ్చి ఈపాటి తెలియనందుకు.

2017లో లీనా మణిమేకలై తీసిన "ఈజ్ ఇట్ టూ మచ్ టు ఆస్క్" వస్తువు ఇంకా చిన్నది. చెన్నైలో లివింగ్ స్మైల్ విద్య, ఏంజెల్ గ్లేడీ అనే ఇద్దరు ట్రాన్స్ రంగస్థల కళాకారులు అద్దె ఇల్లు వెతుక్కుంటారు. అంతే కథ. మా వీధిలో "ఇల్లు అద్దెకివ్వబడును" అన్న బోర్డు మీద ఎవరికి ఇస్తారో ఎవరికి ఇవ్వరో చిన్న అక్షరాల్లో రాసి ఉండడం రోజూ చూస్తాను. ఆ చిన్న అక్షరాల్లో కూడా లేనివారు తలుపు తడితే ఏమౌతుందో ఆ చిత్రం చూపిస్తుంది.

ఇప్పుడు మిత్రుడి అసలు ప్రశ్నకు. వ్యక్తి దుఃఖం రసం కావాలంటే సాధారణీకరణం జరగాలి అని భట్టనాయకుడినుంచి మనవాళ్ళు చెబుతూ వచ్చారు. నిజమే. కాని ఆ సాధారణీకరణం జరగవలసింది సామాజికుడి హృదయంలో. చెప్పేవాడు తన పేరూ ఊరూ దాచుకొని రావాలని ఏ శాస్త్రంలోనూ లేదు. కందుకూరి వీరేశలింగంగారు స్వీయచరిత్ర రాస్తే వాఙ్మయం అన్నాం. శ్రీశ్రీ రాసుకొంటే అనంతం అన్నాం. తమిళురాలైన ఎ. రేవతి తన జీవితాన్ని రాసుకొంటే, పి. సత్యవతిగారు దాన్ని "ఒక హిజ్రా ఆత్మకథ"గా తెలుగు చేస్తే, ఆ అనువాదానికి సాహిత్య అకాడెమీ 2019 సంవత్సరపు పురస్కారం ఇచ్చింది. అచ్చులో సాహిత్యమైనది తెరమీద వాంగ్మూలం ఎలా అయింది? క్రౌంచ పక్షి శోకాన్ని చూసినవాడి నోట శ్లోకం పుట్టిందని ఎన్ని తరగతుల్లో ఎంత గర్వంగా చెప్పానో. ఆ పక్షే నోరు విప్పితే వినే చోటు మన శాస్త్రంలో లేకపోతే, అది శాస్త్రానికి కొరత.

పొట్టివి గనుక చులకన అన్న భావం కూడా మా మిత్రుల మాటల్లో ఉంది. వీరికి మహాకావ్యం రాయించే పోషకులు ఎవరున్నారు? 2003లో శ్రీధర్ రంగాయన్ తీసిన గులాబీ ఆయినా అనే నలభై నిమిషాల చిత్రానికి సెన్సారువారు సర్టిఫికెట్టే ఇవ్వలేదు. ఆయనే 2010లో ముంబయిలో కశిష్ చిత్రోత్సవం మొదలుపెట్టారు. ఇటువంటి పొట్టి చిత్రాలకు అక్కడ ఒక తెర దొరికింది. నిర్మాత లేడు, థియేటరు లేదు, ఇంట్లో తెలిస్తే ఇల్లే లేదు. చేతిలో ఉన్నది ఫోను. దానితో చెప్పగలిగింది పది నిమిషాల మాట. మనకు ముక్తకం అని ఒక ప్రక్రియ ఉంది కదా. ఒక్క పద్యంలో ప్రపంచాన్ని నిలబెట్టేవారికి జేజేలు కొట్టిన జాతి మనది.

వీటిలో అన్నీ గొప్పవని నేననను. మన తెలుగులో యూట్యూబు నిండా, బయటివారు వీరిని గురించి తీసిన షార్ట్ ఫిల్ములు కుప్పలు. తొమ్మిది నిమిషాలు అవమానం, పదో నిమిషంలో వయొలిన్, చివర నల్లటి తెరమీద తెల్లటి నీతి. వాటిని చూస్తే నాకు మా మిత్రుడి పక్షం వహించాలనిపిస్తుంది. స్వయంగా తీసుకొన్నవాటిలోనూ బిగువు లేనివి, కన్నీటినే నమ్ముకొన్నవి ఉన్నాయి. ఉంటే ఉండనీయండి. మన కవిసమ్మేళనాల్లో చదివినవన్నీ కవిత్వమేనా? చెడ్డ పద్యం రాసే హక్కు కొందరికే ఎందుకుండాలి?

పండితుడి రోగం ఒకటి నాకూ పట్టింది, ఒప్పుకొంటాను. ఈ చిత్రాలు చూస్తూ, ట్రాన్స్ అన్న మాటకు చక్కని సంస్కృత సమాసం ఒకటి కల్పిద్దామని రెండు రాత్రులు కాగితాలు ఖరాబు చేశాను. మూడో రాత్రికి తెలిసొచ్చింది, మళ్ళీ నేనే పేరు పెడుతున్నానని. నిఘంటువుల నిండా మనం పెట్టిన పేర్లున్నాయి: నపుంసకుడు, పేడి, వీధిలోని కొజ్జా, సినిమాల్లోని తేడా. అందులో ఒక్కటీ వారు పెట్టుకొన్నది కాదు. వారు ట్రాన్స్ అంటే నేనూ ట్రాన్స్ అంటాను, హిజ్రా అంటే హిజ్రా అంటాను. కాగితాలు చింపేశాను.

పేడి అన్న మాట దగ్గరే ఆ నవ్వు సంగతి చెప్పాలి.

1995 ప్రాంతం. నేను పనిచేసిన బడి పేరు చెప్పను. తొమ్మిదో తరగతిలో ఒక బిడ్డ ఉండేది. రిజిస్టరులో అబ్బాయి. మెత్తని నడక, చక్కని గొంతు, పద్యం చదివితే క్లాసు నిశ్శబ్దం. వార్షికోత్సవానికి పారిజాతాపహరణం వేయిస్తూ సత్యభామ పాత్రకు నేనే ఎంపిక చేశాను. జడ నేనే తెప్పించాను. ఆ రాత్రి ముఖ్య అతిథి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నా శిష్యరికమని నేను పొంగిపోయాను. అలంకారం తీసేయమంటే ఆ బిడ్డ ఇంకాసేపు ఉంచుకొంటానని అడగడం, నేను నవ్వి సరేననడం కూడా గుర్తుంది.

రెండు మూడు నెలలకు విరాటపర్వం పద్యాలు వచ్చాయి. బృహన్నల. పేడి అన్న మాటకు అర్థం చెబుతూ, నా చూపు దానంతటదే ఆ బెంచీ మీదికి వెళ్ళింది. ఒక్క క్షణం. నలభైమంది పిల్లలు నా చూపు వెంట చూశారు. నవ్వారు. మొన్న మూడో మిత్రుడు నవ్విన నవ్వే అది. పెద్దగా ఉండదు, ముక్కులోంచి వస్తుంది. నేను ఆపలేదు. నిజం చెప్పాలంటే నేనూ నవ్వాను. ఆనాటినుంచి ఆ బిడ్డకు బృహన్నల అన్న పేరు స్థిరపడింది. మరుగుదొడ్ల వెనక ఏమేమి జరిగిందో నాకు అప్పుడు కొంత తెలుసు, పూర్తిగా తెలుసుకోవాలని అనుకోలేదు.

అర్ధసంవత్సర పరీక్షల తరువాత తల్లి వచ్చి టీసీ అడిగింది. ఎందుకని నేను అడగలేదు. దస్తూరీ బాగుంటుందని ఆఫీసులో ఇటువంటి కాగితాలు నాచేత రాయించేవారు. బడి మానడానికి కారణం అన్న గడిలో "తల్లిదండ్రుల కోరిక మేరకు" అని గుండ్రని అక్షరాలతో రాశాను. ఆ బిడ్డ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. లోపలికి రాలేదు.

ఆ బిడ్డ ఎక్కడుందో, ఉందో లేదో నాకు తెలియదు. ఈ చిత్రాల్లో ప్రతిదాని మొదటి రెండు నిమిషాలూ నేను ముఖాలే వెతుకుతాను. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు కెమెరాకు ఎదురుగా కూర్చొని "మా తెలుగు మాస్టారు ఒకాయన ఉండేవారు" అని మొదలుపెట్టవచ్చు. అప్పుడది కళా వాంగ్మూలమా అని అడిగే అర్హత నాకుండదు.

వచ్చే నెల రెండో ఆదివారం సమావేశానికి మా అబ్బాయి లాప్‌టాప్ తీసుకువెళ్ళి నిశిత్ సరన్ చిత్రం వేద్దామనుకుంటున్నాను. అలంకారశాస్త్రం మిత్రుడికి ఫోను చేసి చెప్పాను. వాదించడానికైతేనే వస్తానన్నారు. రమ్మన్నాను.